నీరు ఎందుకు ఇంకదు, ఎక్కడ ఇంకకూడదు

(తిరుపతిలో చెరువు ఆయకట్టు రైతులు, అపార్ట్‌మెంటు సంఘాల సభ్యులు, పాలిటెక్నిక్ విద్యార్థులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు ఒక పని చేసేస్తాను. ఈ బల్ల మీద మూడు సీసాలున్నాయి చూడండి. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలే. అడుగు కోసేసి, మూతికి గుడ్డ కట్టి, తలకిందులుగా నిలబెట్టాం. మొదటిదాంట్లో కడిగిన స్వర్ణముఖి ఇసుక. రెండోదాంట్లో మామిడితోట ఎర్రమట్టి. మూడోదాంట్లో చెరువు అడుగున పేరుకున్న ఒండ్రు. మూడింట్లోనూ 15 సెంటీమీటర్ల మందమే. నిన్న సాయంత్రం నుంచి నీళ్ళతో నానుతున్నాయి. ఎందుకు నానబెట్టామో తర్వాత చెప్తాను. ఇప్పుడు ఒక్కోదాంట్లో అర లీటరు నీళ్ళు పోస్తున్నాను. కింద గ్లాసులు పెట్టాం. ముందు వరసలో బాబూ, నువ్వు మూడో సీసా చుక్కలు లెక్కపెట్టు. నిద్రపోవద్దు, నీకిచ్చిందే అన్నిటికంటే కష్టమైన పని.

చూశారా, నా మాట పూర్తయ్యేలోపే ఇసుక సీసా ధార కట్టింది. రెండు మూడు నిమిషాల్లో ఖాళీ అయిపోతుంది. ఎర్రమట్టిలోంచి ఐదారు సెకన్లకో చుక్క పడుతోంది. ఒండ్రు దగ్గర ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇది మనకు కొత్తేమీ కాదు. పొద్దున్నే ఫిల్టరు కాఫీ పెట్టేవాళ్ళందరికీ తెలిసిందే. పై గిన్నెలో పొడి వేసి, కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో మెల్లగా అదిమి, మరిగిన నీళ్ళు పోసి మూత పెడతాం. పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది డికాక్షన్ దిగడానికి. పొడి మరీ మెత్తగా ఆడిస్తే గంటైనా దిగదు, పైన నల్లగా నిలబడి ఉంటుంది. మరీ బరకైతే రెండు నిమిషాల్లో జారిపోతుంది, వచ్చేది డికాక్షన్ కాదు, రంగునీళ్ళు. బిళ్ళను గట్టిగా నొక్కితే సందులు మూసుకుంటాయి. అసలు బిళ్ళే పెట్టకుండా ధారగా పోస్తే పొడి ఒక పక్కకు తోసుకుపోయి, నీళ్ళన్నీ ఆ ఒక్క కన్నం గుండా దిగిపోతాయి. మిగతా పొడి తడిసీ తడవనట్టు ఉండిపోతుంది. నీళ్ళు చల్లారినా కష్టమే. 90 డిగ్రీల నీరు, 30 డిగ్రీల నీటికంటే సందుల్లో రెండున్నర రెట్లు సులువుగా జారుతుంది. అందుకే మరిగే నీళ్ళు పోస్తాం, రుచి కోసమే కాదు.

నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఆ ఫిల్టరులోనే ఉంది. ఆ మెత్తటి పొడి వల్లే మన ఇంకుడు గుంతలు చెడిపోతాయి. ఆ ఒక్క కన్నం వల్లే చెరువు కట్టలు తెగుతాయి. ఒకచోట నీరు ఇంకాలని కోరుకుంటాం, ఇంకోచోట ఇంకకూడదని కోరుకుంటాం. లెక్క మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఆ లెక్క కట్టిన మనిషి ఆన్రీ డార్సీ. ఫ్రాన్సులో దిజాన్ అనే పట్టణానికి మంచినీళ్ళు తెచ్చిన ఇంజినీరు. నిలువు గొట్టంలో ఇసుక నింపి, నీరు పంపి, ఎంత పోస్తే ఎంత దిగుతోందో కొలిచి 1856లో అచ్చు వేయించాడు. ఆయన చెప్పింది ఇంతే. దిగే నీరు వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. పైనున్న నీటికీ కిందున్న నీటికీ మట్టంలో తేడా ఎంత ఎక్కువుంటే అంత పెరుగుతుంది. దాటాల్సిన మందం ఎంత ఎక్కువైతే అంత తగ్గుతుంది. ఈ మూడూ మన చేతిలో ఉన్నవే. నాలుగోది ఆ పదార్థం గుణం, అంటే అది నీటిని ఎంత వేగంగా వదులుతుందన్నది. మొదటి మూడింటిని తిప్పలు పడి రెట్టింపు చేయగలం, మూడు రెట్లు చేయగలం. నాలుగోది మాత్రం లక్షల రెట్లు మారుతుంది.

ఎంత మారుతుందో చెప్తాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. నీరు తన బరువు మీద తాను నిలువుగా దిగుతున్నప్పుడు, శుభ్రమైన ముతక ఇసుక మీద నీటి మట్టం రోజుకు 80, 90 మీటర్ల లెక్కన తగ్గుతుంది. అంత నీళ్ళు మీరు పోయగలిగితే! సన్న ఇసుక మీద రోజుకు 8, 9 మీటర్లు. చెరువు ఒండ్రు మీద రోజుకు ఒక మిల్లీమీటరు కూడా పూర్తిగా కాదు. గట్టి బంకమట్టి మీద ఏడాదికి 3 సెంటీమీటర్లు. మధ్యలో ఎర్రమట్టి రకాలు ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే మా పక్కింట్లో గుంత బాగా పీలుస్తోంది, మాకూ అలాగే తవ్వండి అంటే కుదరదు.

ఇక్కడ చాలామంది తడబడే సంగతొకటుంది. బంకమట్టిలో ఖాళీ ఎక్కువా, ఇసుకలో ఖాళీ ఎక్కువా? ఇసుకలో అనిపిస్తుంది. కాదు. ఇసుకలో ఖాళీ మూడో వంతు, బంకమట్టిలో సగం దాకా ఉంటుంది. మరి నీరెందుకు దిగదు? తిరుమల క్యూ కాంప్లెక్సు గుర్తు తెచ్చుకోండి. కంపార్ట్‌మెంట్లు ఎన్నున్నా, ఎంతమంది పట్టినా, జనం ఎంత తొందరగా కదులుతారన్నది దారి వెడల్పును బట్టే ఉంటుంది. బంకమట్టిలో నీటికి చోటుంది, దారి లేదు. గింజలు అంత చిన్నవి కాబట్టి సందులూ అంత చిన్నవి. ఆ కాస్త నీటినీ గింజలు చుట్టూ అంటిపెట్టుకుని ఉంటాయి.

సందు తగ్గితే వేగం అదే వంతున తగ్గదు, వర్గం లెక్కన పడిపోతుంది. అమెరికాలో ఆలన్ హేజెన్ అనే ఆయన 1892లో ఇసుకకు ఒక సులువైన సూత్రం చెప్పాడు. ఇసుకను జల్లెడ పట్టి, బరువులో పదో వంతు ఏ కన్నంలోంచి దిగుతుందో చూడాలి. ఆ కన్నం మిల్లీమీటర్లలో ఎంతో దాన్ని అంతతో గుణిస్తే, ఇసుక నీటిని సెకనుకు సుమారు ఎన్ని సెంటీమీటర్లు వదులుతుందో తెలుస్తుంది. అర మిల్లీమీటరైతే పావు సెంటీమీటరు. మిల్లీమీటరులో పదో వంతైతే సెంటీమీటరులో నూరో వంతు. గింజ ఐదు రెట్లు సన్నమైంది, వేగం 25 రెట్లు పడిపోయింది. ఇందులో గమనించాల్సింది, లెక్కలోకి వచ్చేది ఇసుకలోని పెద్ద గింజలు కాదు, అన్నిటికంటే సన్నటి ఆ పదో వంతు. ట్రాక్టరు లోడు మంచి ఇసుకను నాలుగు తట్టల దుమ్ము పాడుచేసేది ఇలాగే. రోబో ఇసుక, అంటే రాయిని మిషనులో పొడిచేసి తీసిన ఇసుక, వాడేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి, కడగనిదైతే అందులో రాతిపొడి ఉంటుంది. గాజు సీసాలో సగం దాకా ఇసుక వేసి, నీళ్ళు పోసి, బాగా ఊపి రెండు గంటలు కదపకుండా పెట్టండి. ఇసుక మీద మట్టి పొర పేరుకుంటుంది. ఆ పొర ఇసుక మందంలో ముప్ఫయ్యో వంతు దాటితే కడగనిదే గుంతలో వేయొద్దు.

ఇప్పుడు ఇంకుడు గుంత సంగతికి వద్దాం. అపార్ట్‌మెంటులవాళ్ళు ఇందుకే వచ్చారని నాకు తెలుసు.

ముందు నేల పరీక్ష. గుంత ఎంత లోతు తవ్వాలనుకుంటున్నారో ఆ లోతులో, అడుగున ఒక చిన్న గుంట తీయండి. అడుగు వెడల్పు, అడుగున్నర లోతు చాలు. పార తగిలి నున్నగా అయిన పక్కల్ని చాకుతో గీరండి, నున్నటి మట్టి నీటిని తాగదు. అడుగున 5 సెంటీమీటర్ల మందాన సన్నకంకర వేయండి, లేకపోతే పోసిన నీటి దెబ్బకు మట్టి లేచి సందులు పూడుస్తుంది. తర్వాత నీళ్ళు నింపి రాత్రంతా నాననివ్వండి. తెల్లారి కంకర మీద 15 సెంటీమీటర్లు నీరు ఉండేలా పోసి, అరగంటకోసారి స్కేలు పెట్టి కొలవండి. రెండు మూడు కొలతలు ఒకేలా వచ్చేదాకా ఆపొద్దు.

రాత్రంతా నానబెట్టడం ఎందుకు? ఇందాక సీసాల్నీ అందుకే నానబెట్టాం. ఎండిన మట్టి మొదట్లో నీటిని పీల్చేస్తుంది. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టు, సన్నటి సందులు నీటిని లాక్కుంటాయి. అది దిగడం కాదు, తాగడం. దాహం తీరాక తెలుస్తుంది అసలు వేగం. మేలో పొడినేలలో బిందెడు నీళ్ళు పోసి, చూశారా ఎలా పీల్చిందో అని సంతోషపడి కట్టిన గుంతలే నవంబరులో దోమల తొట్లవుతాయి. ఈ పీల్చుడును ఆపడం ఎలాగో మన శ్రీకాళహస్తి కలంకారీవాళ్ళకు బాగా తెలుసు. గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టాకే కలం పట్టుకుంటారు. పాలలోని కొవ్వు నూలు సందుల్లో చేరుతుంది, గీసిన రంగు పక్కకు పాకదు.

సరే, పరీక్షలో నీరు గంటకు 50 మిల్లీమీటర్లు తగ్గిందనుకోండి. లెక్కకు 25 మాత్రమే తీసుకోండి. చిన్న గుంటలో పక్కలనుంచీ నీరు పోతుంది, అందుకని అది నేల అసలు వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది.

ఇంటి కప్పు 100 చదరపు మీటర్లు, అంటే వెయ్యి చదరపు అడుగులకు కాస్త పైన. దాని మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. చిమ్మిపోయేది, తడికి పోయేది తీసేస్తే 4,250 లీటర్లు గొట్టంలోకి వస్తాయి. గుంత పొడవు, వెడల్పు, లోతు రెండేసి మీటర్లనుకుందాం. ఖాళీగా ఉంటే 8,000 లీటర్లు పడుతుంది. రాళ్ళు, ఇసుక నింపాక మిగిలే ఖాళీలో పట్టేది 3,000 లీటర్లే. ఇది ఎవరూ లెక్కేసుకోరు. గుంత అడుగుభాగం వైశాల్యం నాలుగు చదరపు మీటర్లు, గంటకు 25 మిల్లీమీటర్లంటే గంటకు 100 లీటర్లు ఇంకుతుంది. పక్కల గోడలు ఇంకొంచెం తాగుతాయి, దాన్ని లెక్కలో వేసుకోకండి. అంటే నిండిన గుంత ఖాళీ కావడానికి 30 గంటలు. తుపాను వానకు రెండో రోజు గుంతలో చోటుండదు. కాబట్టి పొంగిన నీరు వీధి కాలువకు పోయే గొట్టం ముందే పెట్టండి. పునాదికి కనీసం 3 మీటర్ల దూరం, సెప్టిక్ ట్యాంకుకు 15 మీటర్లుంటే మేలు.

నింపే తీరు చెప్తాను. అడుగున 5 నుంచి 20 సెంటీమీటర్ల రాళ్ళు. వాటి మీద 20 మిల్లీమీటర్ల కంకర సన్నటి పొర. దాని మీద 5 నుంచి 10 మిల్లీమీటర్ల కంకర. అన్నిటికంటే పైన ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల ముతక ఇసుక. చాలాచోట్ల ఏం చేస్తారంటే, 40 ఎం.ఎం. కంకర వేసి దానిమీదే ఇసుక కుమ్మరిస్తారు. మొదటి రెండు వానలకే ఇసుక కంకర సందుల్లోకి జారిపోయి పైన గుంటలు పడతాయి. పై పొర గింజ కింది పొర సందులో పట్టకూడదు. కింది గింజ పై గింజకు నాలుగైదు రెట్లు మించకుండా చూసుకుంటే పై గింజలు ఒకదానికొకటి అడ్డుపడి వంతెన కట్టుకుంటాయి. కార్ల్ టెర్జాగీ అనే ఇంజినీరు డ్యాముల కోసం చెప్పిన సూత్రం ఇది. మన గుంతకూ అంతే వర్తిస్తుంది.

ఇంత జాగ్రత్తగా కట్టినా రెండు మూడేళ్ళకు గుంత పీల్చడం మానేస్తుంది. ఎందుకు? మొత్తం పూడిపోయిందనుకుని రాళ్ళన్నీ తోడించి, కూలీలకు వేలు పోస్తారు. తోడి చూస్తే రాళ్ళు శుభ్రంగానే ఉంటాయి. పాడైంది పైన రెండు మిల్లీమీటర్లు.

ఈ లెక్క కాస్త నిదానంగా వినండి. మీటరు మందం సన్న ఇసుక, రోజుకు 8 మీటర్లు పైన వదిలే రకం. దాని మీద వాననీటితో వచ్చిన ఒండ్రు 2 మిల్లీమీటర్ల పొర కట్టింది. ఒండ్రు వదిలేది ఇసుక వదిలేదానిలో పదివేలో వంతు. అంటే ఒక మిల్లీమీటరు ఒండ్రు 10 మీటర్ల ఇసుకతో సమానం. 2 మిల్లీమీటర్లకు 20 మీటర్లు. మీరు మీటరు ఇసుక వేశామనుకుంటున్నారు, నీటికి మాత్రం 21 మీటర్లు దాటాల్సొస్తోంది. పాల మీద మీగడలా కనిపిస్తుంది ఆ పొర. ఎండితే పెంకుల్లా చిట్లుతుంది, చేత్తో ఎత్తేయొచ్చు. ఏటా రెండుసార్లు, జూన్ వానలకు ముందు ఒకసారి, ఈశాన్య ఋతుపవనాలకు ముందు సెప్టెంబరు చివర ఒకసారి, పైన 2, 3 సెంటీమీటర్ల ఇసుక గీకి తీసేసి కొత్తది వేయండి. ఇద్దరు మనుషులకు పూటపని. ఇసుక కింద నైలాను వల పరిస్తే ఎంత గీకాలో కూడా తెలుస్తుంది.

అసలు ఆ పొర రాకుండా చూసుకోవడం ఇంకా మేలు. ఎండాకాలం తర్వాత పడే మొదటి వానల్లో మొదటి 2, 3 మిల్లీమీటర్లు కప్పు మీది దుమ్మునంతా కడుగుతాయి. 100 చదరపు మీటర్లకు అది 200, 300 లీటర్లు. ఆ నీటిని వాల్వు తిప్పి బయటకు వదిలేయండి. గుంతకు ముందు ఒక చిన్న తొట్టి కట్టి, మధ్యలో అడ్డుగోడ పెడితే బరువు మట్టి అక్కడే దిగుతుంది. ఇంకోటి, ఇల్లు కడుతున్నప్పుడే గుంత పూర్తిచేసి గర్వపడకండి. మేస్త్రీలు తట్టలు, పారలు కడిగిన సిమెంటు నీళ్ళు అందులోకే పోతాయి. ఆ పొర గీకితే రాదు. గుంత ఎప్పుడూ చివరి పని.

విచిత్రమేమిటంటే ఈ మీగడే ఒకచోట దేవుడు. పాతకాలపు నిదాన ఇసుక వడపోతల్లో చదరపు మీటరుకు గంటకు 100 నుంచి 200 లీటర్లే పంపుతారు. కొన్ని రోజులకు ఇసుక మీద సూక్ష్మజీవులతో జిగట పొర కడుతుంది. నీటిని శుభ్రం చేసేది ఎక్కువగా ఆ పొరే. 1892లో జర్మనీలో హాంబర్గు నగరం ఎల్బ నది నీరు వడకట్టకుండా తాగి కలరాతో వేలమందిని పోగొట్టుకుంది. పక్కనే ఉన్న ఆల్టోనా అదే నది నీటిని ఇసుకలో వడకట్టి తాగింది కాబట్టి చాలావరకు తప్పించుకుంది. కాబట్టి పొర మంచిదా చెడ్డదా అని అడక్కండి, అక్కడ మనకేం కావాలో అడగండి.

గుంత దాటిన నీరు ఎక్కడికి పోతుంది? మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఎక్కువభాగం గ్రానైటు, దానిలాంటిదే నైసు అనే గట్టిరాయి. పైన ఎర్రమట్టి, కింద చివికిన రాయి, అంటే మనం గరుసు అనేది, దాని కింద గట్టిరాయి, అందులో అక్కడక్కడా పగుళ్ళు. మనకు ఏటా పడేది 900 మిల్లీమీటర్ల అటూ ఇటూ. 1997 నాటి కేంద్ర భూగర్భజల అంచనా పద్ధతి ప్రకారం ఇలాంటి నేలల్లో అందులో 8 నుంచి 11 శాతం లోపలికి చేరుతుంది. 80 మిల్లీమీటర్లు అనుకుందాం. ఇంతేనా అనిపిస్తుంది. కానీ చివికిన రాతిలో నీరు వదిలే ఖాళీ 2 శాతమే. 80 మిల్లీమీటర్ల నీరు ఆ రెండు శాతంలోనే సర్దుకోవాలి కాబట్టి, నీటిమట్టం 4 మీటర్లు లేస్తుంది. నవంబరులో బావులు పొంగాయని సంబరపడతాం. లేచిన లెక్కే దిగడానికీ. 20 మిల్లీమీటర్లు తోడితే మీటరు పడిపోతుంది. ఎకరా వరికి 1,200 మిల్లీమీటర్లు పెడతామనుకుంటే అది 15 ఎకరాల్లో ఏడాదంతా ఇంకిన నీరు. అందులో కొంత మళ్ళీ కయ్యలోనే ఇంకుతుంది, కాదనను. అయినా 15 ఎకరాల మాట మరిచిపోవద్దు.

ఎండిన బోరులోకే నేరుగా వాననీరు పెట్టేస్తే ఈ బాధంతా ఉండదు కదా అని అడుగుతారు. పెట్టొద్దు. ఇందాకటి రెండు మిల్లీమీటర్ల పొర ఈసారి రాతి పగులు మూతిలో కడుతుంది. అక్కడికి పార పట్టుకుని ఎవరు దిగుతారు? పైగా వడపోతే లేని నీరు నేరుగా తాగేనీటిలో కలుస్తుంది. కేసింగు, అంటే బోరులో పైనుంచి దింపిన గొట్టం, దాని చుట్టూ గుంత తీసి, ఇందాక చెప్పిన పొరలు నింపి, గుంత అడుగుభాగంలో ఉన్న కేసింగుకు సన్నటి గాట్లు పెట్టి, నైలాను వల రెండు మూడు చుట్లు చుట్టి, ఆ పొరల గుండానే నీరు పోయేలా చేయాలి.

(ఒక శ్రోత: సార్, మూడో సీసా రెండు చుక్కలు.) రాసిపెట్టుకో బాబూ.

ఇక చెరువు కట్ట. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. 2021 నవంబరు వానల్లో మన దగ్గరి రాయలచెరువు కట్టకు లీకేజీ కనబడితే కింది ఊళ్ళను ఖాళీ చేయించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మట్టి కట్ట అన్నాక చెమ్మ ఉంటుంది. కట్ట లోపల నీరు ఏటవాలుగా దిగుతూ కిందివైపు పాదం దగ్గర బయటపడుతుంది. పాదం దగ్గర జాలు, చిత్తడి, కాస్త తుంగ మొలిచి ఉండటం, వీటికి కంగారు పడక్కర్లేదు. భయపడాల్సింది నీరు రావడానికి కాదు, నీరు తనతో మట్టిని తీసుకురావడానికి.

ఎలా జరుగుతుందో చూడండి. కట్ట అడుగు వెడల్పు 30 మీటర్లు, చెరువులో నీరు 5 మీటర్లు అనుకుందాం. 30 మీటర్లలో 5 మీటర్లు దిగాలి, అంటే ఆరుకు ఒకటి. నింపాదిగా నడుస్తుంది. బయటపడేచోట మట్టి వదులుగా ఉండి ఒక్కో రేణువే కొట్టుకుపోతూ, చిన్న సొరంగం వెనక్కి, చెరువు వైపు తవ్వుకుంటూ పోయిందనుకోండి. 20 మీటర్లు తినేసేసరికి మిగిలింది 10 మీటర్లు. ఇప్పుడు వాలు రెండుకు ఒకటి. వేగం మూడింతలు. ఇంకో 5 మీటర్లు పోతే ఒకటికి ఒకటి. నీరు కిందినుంచి పైకి ఉబికేచోట ఇసుక గింజ తన బరువు తాను మోసుకోగలిగే హద్దు దాదాపు అదే. అక్కడ ఇసుక అన్నం ఉడికినట్టు కుతకుతలాడుతుంది. అంటే ఈ జబ్బు మొదట్లో నెలలు తీసుకుంటుంది, చివర్లో గంటలు. నిన్న చూశాం బానే ఉంది అన్న మాటకు అందుకే విలువ లేదు.

కనిపెట్టడానికి పరికరాలేమీ వద్దు. గాజు గ్లాసు, పది లీటర్ల బకెట్టు, ఫోనులో గడియారం. ఊట నీరు గ్లాసులో పట్టి పది నిమిషాలు కదపకుండా పెట్టండి. అడుగున మట్టి దిగితే కట్ట కరుగుతున్నట్టే. బకెట్టు ఎన్ని సెకన్లలో నిండిందో, ఆ రోజు చెరువు మట్టం ఎంతో పక్కపక్కన రాయండి. మట్టం అంతే ఉండి బకెట్టు తొందరగా నిండుతోందంటే లోపల దారి పెద్దదవుతోంది. రెండు లక్షణాల్లో ఏ ఒక్కటి కనబడినా రాత్రి అని చూడకుండా అధికారులకు చెప్పాల్సిందే.

వాళ్ళొచ్చేలోపు అందరూ చేసే తప్పు, బయటపడేచోట బంకమట్టి, గుడ్డలు కుక్కి మూసేయడం. లోపలి నీటి ఒత్తిడి అలాగే ఉంటుంది, పక్కన ఇంకోచోట బద్దలవుతుంది. నీటిని పోనివ్వాలి, మట్టిని ఆపాలి. ఊట మీద ముందు ముతక ఇసుక జానెడు మందం, దాని మీద సన్నకంకర, ఆపైన 40 ఎం.ఎం. కంకర, ఆపైన రాళ్ళు. గమనించారా, ఇంకుడు గుంత పొరలే, తలకిందులుగా. నీరు ఇక్కడ కిందినుంచి పైకి వస్తుంది కాబట్టి సన్నది కింద ఉండాలి. ఇసుక నిలవనంత జోరుగా ఉంటే చుట్టూ ఇసుక బస్తాలతో బావిలా కట్టి లోపల నీరు నిలబడనివ్వండి. నిలబడ్డ ప్రతి అడుగూ అటు ఇటు మట్టాల తేడాను తగ్గిస్తుంది, జోరు తగ్గుతుంది. మూయడమంటూ చేస్తే చెరువు లోపలివైపే. అక్కడ సుడి తిరుగుతోందేమో చూసి, టార్పాలిన్ పరిచి బస్తాలు వేయాలి.

తూము ఎత్తి, మొరవ, అంటే అలుగు, దగ్గర దారిచ్చి నీరు దించాల్సి రావొచ్చు. అదీ నిదానంగా. చెరువు గబగబా దిగినా కట్ట లోపలి నీరు గబగబా దిగలేదు, మూడో సీసాను చూడండి. నీటి బరువుతో నిండిన మట్టికి ముందున్న ఆనుడు పోయి, లోపలివైపు వాలు జారిపోతుంది.

ఊట ఎక్కువగా మొదలయ్యేది తూము గొట్టం పక్కన. సీసాలు సిద్ధం చేస్తున్నప్పుడు ఒండ్రును ప్లాస్టిక్కుకు వేలితో మెత్తి పామాల్సొచ్చింది. లేకపోతే నీరు మట్టిలోకి పోకుండా సీసా గోడ వెంట జారిపోతుంది. తూము గోడ దగ్గరా అంతే, రోలరు అక్కడికి చేరదు, మట్టి వదులుగా ఉండిపోతుంది. అక్కడ తడి బంకమట్టిని పలచటి పొరలుగా వేసి దిమ్మిసతో చేత్తోనే కొట్టించాలి. మిగతా కట్టకు 15, 20 సెంటీమీటర్ల పొరలు, పిడికిట్లో నొక్కితే ముద్దకట్టేంత తేమ, ఆపైన రోలరు. పొడి గడ్డలు టిప్పరుతో కుమ్మరించి పైన చదును చేస్తే బయటికి కట్టలా ఉంటుంది, లోపల రాళ్ళగుట్టలా ఖాళీలుంటాయి. పుట్టలు, ఎలుక బొక్కలు, కొట్టేసిన చెట్ల వేళ్ళు కుళ్ళి పడిన బిలాలు, ఇవి ముందే తవ్వి పూడ్చుకోవాల్సినవి.

(ప్రశ్న: పూడిక తీస్తే బోర్లకు నీళ్ళొస్తాయంటారు. కట్ట దగ్గర తవ్వొద్దనీ అంటారు. రెంట్లో ఏది నమ్మాలన్నా?)

రెండూ నిజమే అన్నా. మీది ఊటకుంట అయితే, తూము లేక కేవలం ఇంకడానికే కట్టింది అయితే, ఆ ఒండ్రు మీకు శత్రువు. ఎండినప్పుడు పైపొర గీకి పొలానికి తోలుకోండి, గరుసు కనబడేదాకా పోవచ్చు. మీది ఆయకట్టు చెరువైతే, అడుగున ఉన్న ఒండ్రే నీటిని పంటకు నిలబెడుతోంది. మేట వేసినచోట, కట్టకు దూరంగా, సమంగా తీయండి. కట్టను ఆనుకుని జేసీబీతో గుంతలు తీస్తే ఒండ్రు దుప్పటి చిరిగి కింది ఇసుక పొర బయటపడుతుంది. ఇందాక 30 మీటర్లు నడవాల్సిన నీటికి అడుగున అడ్డదారి ఇచ్చినట్టే. కట్ట పాదం నుంచి ఎంత దూరం వదలాలన్నది ఆ చెరువు ఇంజినీరును అడిగి సున్నంతో గీత గీయించాకే బండి దించండి.

బాబూ, ఎన్నయ్యాయి? నాలుగా? అరగంట దాటింది కదా, సరిపోయింది. ఎర్రమట్టి గ్లాసులో అడుగున రెండు గుక్కల నీరుంది. ఇసుక సీసా ఎప్పుడో ఆరిపోయింది. ఒండ్రు సీసాను ఇక్కడే వదిలేసి వెళ్తున్నాను, అర లీటరూ ఎప్పటికి దిగుతుందో ఉన్నవాళ్ళు చూడండి. మూత మాత్రం పెట్టండి, లేకపోతే కిందికి దిగేదానికంటే పైకి ఆవిరయ్యేదే ఎక్కువవుతుంది.